స్టూళ్లెక్కిన బండి

ఆ రోజు మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే టీ తాగి, పాత పికప్ బండికి నాలుగు కొత్త టైర్లు కొనుక్కు రావాలి. భోజనాల వేళకి వాటిని బండికి బిగించాలి. సాయంత్రం నాలుగింటికి కూతురు తన చేతులతో చేసిన స్టూళ్లను ఆ బండిలో వేసుకుని, తానే నడుపుకుంటూ బడికి తీసుకెళ్లాలి. అంతే. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. మేస్త్రి బావమరిది ఆ వారం అక్కగారింట్లోనే మకాం వేసి ఉన్నాడు. చోటు అక్కడుంది.

మేస్త్రి అంటే వడ్రంగి మేస్త్రి. ఊళ్లో సగం తలుపులూ, కిటికీలూ ఆయన ఇంటి వెనక షెడ్డులోంచి వెళ్లినవే. ఒక్కగానొక్క కూతురు చదువయ్యాక ఏ ఆఫీసులోనో ఫ్యాను కింద కూర్చుంటుందని ఆయన ఆశపడ్డాడు. ఆ పిల్ల తిన్నగా షెడ్డులోకి వచ్చి ఉలి పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా? చిన్నపిల్లల బడికెళ్లి, స్టూళ్లు నేను చేసిస్తానని ప్రిన్సిపాల్‌తో మాట్లాడి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పిల్ల గీసిన స్టూలు బొమ్మ చూసి, "కాళ్లు మరీ సన్నంగా ఉన్నాయే! మా పిల్లలు కూర్చోరమ్మా, గెంతుతారు. నాలుగు చేసి తీసుకురా, చూసి చెప్తాను. శుక్రవారం నాలుగు దాటితే మాత్రం ప్లాస్టిక్ కుర్చీల వాళ్లకి ఫోన్ చేసేస్తాను," అంది.

ఆ శుక్రవారమే ఈ రోజు. ఇంట్లో ఒప్పందం కూడా ఒకటి జరిగింది. ఆర్డరు వస్తే షెడ్డులో సగం అమ్మాయిది. రాకపోతే సోమవారం నుంచి బజార్లో ఫర్నిచర్ షోరూములో బిల్లులు కొట్టే ఉద్యోగానికి వెళ్లాలి. అక్కడ అమ్మేవన్నీ చెక్కపొట్టు అతికించిన బల్లలని ఆమె బాధ. తండ్రి బాధ వేరు. "చీపురుపుల్లల్లాంటి కాళ్లు. ఎవడైనా కూర్చుంటే ఏం గాను?" అని ఆయన భార్య దగ్గర గొణుగుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఆ షెడ్డు రివాజు ఒకటి చెప్పాలి. అక్కడ పాలిష్ పడనిది వస్తువే కాదు. పని పూర్తయిన ప్రతిదీ తళతళలాడుతూ గుమ్మం వైపు ఉంటుంది. పాలిష్ లేకుండా వెనక మూల పడి ఉందంటే అది చెడిపోయిందని లెక్క, ఎవరైనా తీసి దేనికైనా వాడుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. అమ్మాయి స్టూళ్లకు పాలిష్ లేదు. చిన్నపిల్లలు కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటారని, ఉత్త నూనె రుద్ది వదిలేసింది. ఆ నాలుగింటినీ దుమ్ము పడకుండా వెనక మూలన పాత దుప్పటి కప్పి ఉంచింది. ఉంచి, స్టూలు కాళ్లకు తొడిగే రబ్బరు టోపీలు కొనడానికి పొద్దున్నే బజారుకు వెళ్లిపోయింది.

"ఏమండీ, ముందు టైరు చూశారా? నేలని కరుచుకుని పడుకుంది," అంది మేస్త్రి భార్య వాకిట్లోంచి.

మేస్త్రి టీ గ్లాసు పట్టుకునే వెళ్లి చూశాడు. ఆ బండి టైర్లు నాలుగూ నాలుగు రకాలు. ఒకటి అరిగి అరిగి అరచేయిలా నున్నగా అయింది. ఒకదానికి పక్కన బుగ్గ లేచింది. వెనక కుడిది రీట్రెడ్డు, అంటే పాతదానికే పైతోలు అతికించింది, ఆ తోలు ఒకచోట ఊడి బండి కదిలినప్పుడల్లా రోడ్డును టపటపా కొడుతుంది. నాలుగోది ఎప్పుడో ఎక్కిన స్టెప్నీ, మళ్లీ దిగనేలేదు. ఇప్పుడు ఆ నున్నటిది రాత్రికి రాత్రి గాలి వదిలేసింది.

"గాలి కొట్టించి మెల్లగా షాపుదాకా పోనిస్తా," అన్నాడు మేస్త్రి.

"ఈ టైర్ల మీద బండి గేటు దాటిందంటే, వెనకే నేనూ గేటు దాటి మా అమ్మ దగ్గరికి పోతాను. ఆ లోపలి తీగలు బయటికొచ్చి నన్నే చూస్తున్నాయి."

అప్పుడు బావమరిది రంగంలోకి దిగాడు. పొద్దుటి నుంచీ అతను ఫోన్లో టైర్ల వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. తెలియని విషయం ఒక్కటీ మిగలకుండా చూసుకున్నాడు. "దీనికింత ఆలోచనెందుకు బావా? నాలుగు చక్రాలూ ఊడదీసి వ్యానులో వేసుకుపోదాం. అక్కడే కొత్త టైర్లు ఎక్కించుకుని తెచ్చుకుందాం."

"అంతదాకా బండి దేని మీద నిలబడుతుందిరా?"

"దుంగలు పెడతా. మీ షెడ్డులో చెక్కకి కరువా? నువ్వెళ్లి వ్యాను మాట్లాడుకురా, నువ్వొచ్చేసరికి అంతా సిద్ధం."

అదీ సబబుగానే తోచి మేస్త్రి వీధి చివరికి వెళ్లాడు. బావమరిది షెడ్డంతా వెతికాడు. దుంగలన్నీ కిందటి వారమే పలకలుగా మారిపోయాయి. వెనక మూలన దుప్పటి ఎత్తి చూస్తే, పాలిష్ లేని బుల్లి స్టూళ్లు నాలుగు కనిపించాయి. రివాజు అతనికీ తెలుసు. ఒకదాని మీద కూర్చుని లేచాడు, అటూ ఇటూ ఊపి చూశాడు, మెచ్చుకున్నాడు. జాకీతో ఒక్కో మూల లేపి, చక్రం ఊడదీసి, ఒక్కో స్టూలు తోసి, ఇనుము మీద జారకుండా ఒక్కోదానికీ గోనెసంచి చుట్టాడు. పనిలో శ్రద్ధ లేదని అతన్ని ఎవరూ అనలేరు.

మేస్త్రి వ్యానుతో వచ్చి, సంచుల మీద కుదురుగా నిలబడి ఉన్న బండిని చూశాడు. "దుంగలు దొరికాయా?"

"అంతకంటే మంచివి దొరికాయి బావా," అన్నాడు బావమరిది. చక్రాలు వ్యానులోకి ఎక్కించాడు. సామాన్లన్నీ ఒకచోట ఉంటే మంచిదని జాకీ కూడా అందులోనే వేశాడు. వ్యాను డ్రైవరు హారను మీద హారను కొడుతుంటే మేస్త్రి గాభరాగా ఎక్కేశాడు. ఆయన ఫోను పికప్ డ్యాష్‌బోర్డు మీదే ఉండిపోయింది.

టైర్ల షాపు యజమాని పొట్టిగా, మంచి ఓపికగా కనిపించే మనిషి. ఆ ఓపికకూ ఒక హద్దుంటుందని ఆ రోజే ఆయనకూ తెలిసింది.

"ఏం లోడు వేస్తారండీ? ఎలాంటి రోడ్ల మీద తిరుగుతుంది బండి?" అని అడిగాడు.

మేస్త్రి నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "అన్ని రోడ్లూ! కొండలూ, బురదా, ఇసకా, అన్నీ. అదిగో, ఆ లావుపాటివి దింపండి." అతను చూపించిన టైరుకీ ట్రాక్టరు టైరుకీ దగ్గర చుట్టరికం ఉన్నట్టుంది.

"కొండ మీద బీరువా ఎవడు కొంటాడ్రా?" అన్నాడు మేస్త్రి.

"రేపెవడైనా కొంటే?"

"కొంటే వాడే వచ్చి మోసుకుపోతాడు."

యజమాని నవ్వి, "అవి మీ బండికి పెడితే స్టీరింగు తిప్పగానే మడ్‌గార్డుకి రాసుకుంటాయి. తిన్నగా ఎంత దూరమైనా వెళ్లొచ్చు గానీ మలుపు తిరగలేరు," అన్నాడు. బావమరిది ఏమీ ఎరగనట్టు పక్క వరసలోకి జరిగాడు.

ఈలోగా మేస్త్రి తన పద్ధతిలో తాను టైర్లు ఎంచడం మొదలుపెట్టాడు. ప్రతి టైరునూ వేళ్ల కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. వాసన చూశాడు. ఒక కన్ను మూసి వంకర ఉందేమోనని అంచు వెంబడి చూశాడు. కొత్తవి ఏవీ ఆయనకు నచ్చలేదు. షాపు వెనక గోడకు, సాలెగూళ్ల మధ్య, నాలుగు టైర్లు వేలాడుతూ కనిపించాయి. మేకు మీద ఎంతకాలం ఉన్నాయో గానీ మేకు ఆకారమే వాటిలో దిగబడిపోయింది.

"ఇవెప్పటివి?"

"అవా? పాత సరుకండీ. ఏళ్ల తరబడి అలా పడి ఉన్నాయి, పారేద్దామనుకుంటూనే..."

మేస్త్రి ముఖం విప్పారింది. "అవే ఇవ్వండి."

యజమాని చేతిలో గుడ్డ జారి కింద పడింది. "అవెందుకండీ?"

"బాగా ఎండాయి. ఏ సరుకైనా ఎండాలి. పచ్చిది వాడితే వానాకాలం రాగానే వంకర పోతుంది, నాకు తెలీదా?"

"సార్, అది చెక్క. ఇది రబ్బరు. రబ్బరు ఎండితే పగులుతుంది."

"మీ వ్యాపారస్తులంతా ఇంతే. కొత్త సరుకు అంటగట్టాలనే చూస్తారు."

"సార్, పాత సరుకు కొనొద్దని నేను గిరాకీని బతిమాలుకోవడం నా జన్మలో ఇదే మొదలు!"

ఇది ఒక పట్టాన తెగలేదు. యజమాని టైరు పక్కన ముద్రించి ఉన్న తయారీ అంకెలు చూపించాడు. బొటనవేలితో రబ్బరు వంచి, పైకి లేచిన సన్నటి పగుళ్లు చూపించాడు. మంచి టేకులోనూ అలాంటి గీతలుంటాయన్నాడు మేస్త్రి. మధ్యలో బావమరిది వచ్చి, ముందు రెండూ సన్నవి, వెనక రెండూ లావువి వేద్దామన్నాడు. ముందుకు వాలితే ఏటవాలులో ఉన్నట్టు పెట్రోలు కలిసొస్తుందట. దాంతో యజమాని స్టూలు లాక్కుని కూలబడి, రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"ఇంతకీ ఈ బండి నడిపేదెవరండీ? మీరా?" అన్నాడు నీరసంగా.

"ఇవాళ్టి నుంచీ మా అమ్మాయి," అన్నాడు మేస్త్రి.

ఆ మాట పైకి అన్నాక ఆయన పాత టైరు మీది పగుళ్లను ఇంకోసారి తడిమి చూశాడు. "ఒక్కతే వెళ్తుంది. వానలోనూ వెళ్తుంది. ఆగమంటే ఆగే రకం కాదు," అన్నాడు.

యజమాని లోపలికి వెళ్లి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. లావూ కాదు, సన్నమూ కాదు. బండికి సరిపడ్డ కొలత, నీళ్లు తోసెయ్యడానికి లోతైన గాడులు, బీరువాలు మోయగల సత్తువ, ఈ మధ్యే తయారైన సరుకు. "మా అబ్బాయి బండికి కూడా ఇవే వేశాను," అన్నాడు. మేస్త్రి వాటిని కొట్టి చూడలేదు, వాసనా చూడలేదు. "ఇవే ఎక్కించండి," అన్నాడు. గోడ గడియారం చూస్తే అప్పటికే రెండయింది.

అక్కడ ఇంట్లో అమ్మాయి రబ్బరు టోపీల పొట్లంతో షెడ్డులోకి వెళ్లి, దుప్పటి ఒక్కటే కుప్పగా పడి ఉండటం చూసింది.

"అమ్మా! నా స్టూళ్లేవి?"

"నేనెక్కడ చూశానే? మీ మావయ్య ఏవో గోనెసంచులు పట్టుకుని తిరిగాడు గానీ."

గోనెసంచులనగానే అమ్మాయి వాకిట్లోకి పరుగెత్తి, బండి కింద బోర్లా పడుకుని, ఒక సంచి పక్కకు తప్పించింది. ఆ తర్వాత పెట్టిన కేకకు గోడ మీది పిల్లి పక్కింట్లోకి దూకింది. తల్లి కూడా కొంగు బిగించి వంగి చూసి, "వీడి మొహం మండా! ఒరేయ్ తమ్ముడూ, నా కొంప ముంచావు కదరా!" అని అక్కడలేని తమ్ముణ్ణి కడిగేసింది.

"తీసేద్దామమ్మా. జాకీ ఎక్కడుంది?"

"వ్యానులో వేశాడు."

మేస్త్రికి ఫోన్ చేస్తే పికప్ లోపలే మోగింది. మావయ్యకి చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. ఫోన్లో ఛార్జింగంతా టైర్ల వీడియోలు తాగేశాయి. పక్క వీధిలో ఒకరి కారు జాకీ తెచ్చి పెడితే అది బండి అడుగు దాకా అందనే లేదు. మూడు కావస్తోంది. అమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లు చేతులు బొబ్బలెక్కేలా చెక్కి, చిత్రిక పట్టి చేసిన స్టూళ్లు ఇనుప బండి కింద నలిగిపోతుంటే, సోమవారం తాను బిల్లులు కొడుతూ కూర్చోవాలి.

కళ్లు తుడుచుకుని బడికి ఫోన్ చేసింది. "మేడమ్, మా బండికి టైర్లు మారుస్తున్నారు. కొంచెం ఆలస్యమవుతుంది, ఒక్క గంట ఆగితే..."

"దానికేముందమ్మా, నేను మీ వైపే వస్తున్నాను. నేనే వచ్చి చూసేస్తాను," అని ప్రిన్సిపాల్ మేడమ్ ఫోన్ పెట్టేసింది.

ఆలస్యమవుతుందంటే మనిషే వచ్చి కూర్చుంటుందని ఎవరనుకుంటారు? తల్లీకూతుళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లికే ముందు తెలివి తట్టింది. బీరువాలో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చింది. బండి చుట్టూ, నేల అంటేలా, పరికిణీ కట్టినట్టు వేలాడదీశారు. "ఆవిడ వస్తే నేను టీ ఇచ్చి కబుర్లలో పెడతాను. స్టూళ్లు ఆరుతున్నాయని చెబుదాం. ఈలోగా మీ నాన్న రాకపోతారా?" అంది.

ఇదంతా ఎదురింటి వరండాలోంచి రిటైరైన స్టేషన్ మాస్టరుగారు చూస్తున్నారు. ఆ వీధిలో ఏ బండి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్లిందో ఆయనకు తెలియకుండా జరగదు. కానీ ఆ పొద్దున ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. తిరిగొచ్చి చూసేసరికి మేస్త్రి బండికి చక్రాల్లేవు. తల్లీకూతుళ్లు కళ్లొత్తుకుంటూ దానికి దుప్పట్లు కడుతున్నారు. అడిగితే సరిపోయేది. అడగడం ఆయనకు నామోషీ. "పట్టపగలే చక్రాలు ఎత్తుకుపోయారన్నమాట. పాపం, పరువు తక్కువని దాచుకుంటున్నారు," అని నిట్టూర్చి, పోలీసులకు ఫోన్ చేసి, నాలుగు టైర్ల గుర్తులూ పూసగుచ్చినట్టు చెప్పారు. తోలు ఊడి వేలాడే టైరు గురించి ప్రత్యేకంగా చెప్పారు.

అందుకే మేస్త్రి వ్యాను వీధి మలుపు తిరుగుతుండగానే, మోటారు సైకిలు మీద ఒక కానిస్టేబులు అడ్డం వచ్చి ఆపాడు.

"ఎవరివీ చక్రాలు?"

"మా బండివండీ," అన్నాడు మేస్త్రి.

"బండేది?"

"ఇంటి దగ్గరుంది."

"చక్రాల్లేకుండా ఇంటి దగ్గరేం చేస్తోంది?"

"నిలబడిందండీ."

కానిస్టేబులు వ్యానులోకి తొంగి చూసి నొసలు చిట్లించాడు. "పోయినవి అరిగిపోయిన టైర్లని రిపోర్టొచ్చింది. ఇవి కొత్తవి."

"అయితే ఇవి కావుగా సార్. మమ్మల్ని వదిలేయండి," అన్నాడు బావమరిది ఉత్సాహంగా.

"అంటే ఇవి ఇంకెవరివో. రెండో కేసన్నమాట. బిల్లేది?"

మేస్త్రి బావమరిది వైపు చూశాడు. బావమరిది తన చేతుల వైపు చూసుకున్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. వాటికంటిన గ్రీజంతా దారిలో ఎక్కడో పడేసిన బిల్లుకి అంటి ఉంది.

"పదండి," అన్నాడు కానిస్టేబులు. "ఆ బండికే బిగించి చూద్దాం. పట్టాయా, మీవి. పట్టలేదా, ఇద్దరూ నాతో స్టేషన్‌కి."

వాళ్లు గేటు ముందు ఆగేసరికి ప్రిన్సిపాల్ మేడమ్ వాకిట్లో కుర్చీలో కూర్చుని రెండో టీ తాగుతోంది. మేస్త్రి భార్య ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. అప్పటికి తన పెళ్లి కబుర్లు అయిపోయి, తమ్ముడి చిన్నప్పటి జబ్బుల్లోకి వచ్చింది. ముందు కానిస్టేబులు, వెనక చక్రాలు దొర్లిస్తూ మేస్త్రి, బావమరిది, వాళ్ల వెనక రోడ్డు దాటి వస్తున్న స్టేషన్ మాస్టరు.

"భేష్! దొంగలు దొరికారా!" అన్నారు స్టేషన్ మాస్టరు. తర్వాత మొహం చూసి, "అరె, మేస్త్రిగారూ, మీరే పట్టుకున్నారా?" అన్నారు.

"బండికి దుప్పట్లెందుకు కట్టారు?" అన్నాడు కానిస్టేబులు అనుమానంగా.

"చలి..." అనబోయి మేస్త్రి భార్య ఆగిపోయింది. ఎండ మండిపోతోంది. కానిస్టేబులు ఒక్క గుంజు గుంజాడు. దుప్పటితోపాటు గోనెసంచి కూడా ఊడి వచ్చింది. బండి కింద, లేత రంగు చెక్కతో, సన్నటి కాళ్లతో, బుల్లి స్టూలు ఒకటి బయటపడింది.

"నేనే పెట్టా సార్," అన్నాడు బావమరిది గర్వంగా. "పనికిరాని స్టూళ్లు. ఎంత బాగా ఆగాయో చూశారా?"

మేస్త్రి చేతిలోంచి చక్రం జారి, దొర్లుకుంటూ వెళ్లి వాకిట్లో పూలకుండీని కొట్టుకుని ఆగింది. ఆయన స్టూలు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. పిల్ల మొహం పాలిపోయి ఉంది. దాచి లాభం లేదని ఆమెకూ తెలిసిపోయింది.

"అవేనండీ మేడమ్," అంది. తల మాత్రం దించలేదు. "మీకు చూపించడానికి చేసినవి అవే. పొరపాటున బండి కింద పెట్టారు. ఆరుతున్నాయని అబద్ధం చెప్పాం. మన్నించండి."

ప్రిన్సిపాల్ మేడమ్ గ్లాసు కింద పెట్టి లేచింది. బండి దగ్గరికొచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని, వంగి నాలుగు మూలలా చూసింది.

"ఈ బండి ఎంత బరువుంటుంది?"

"ఖాళీది టన్ను పైమాటే మేడమ్," అన్నాడు బావమరిది. ఆ రోజంతటిలో అతను చెప్పిన సరైన మాట అదొక్కటే.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"పొద్దుటి నుంచీ."

"సరే. కానీ బండి ఊరికే నిలబడుతుంది. పిల్లలు నిలబడరు." ఆవిడ కానిస్టేబులు వైపు తిరిగింది. "మీరు బండెక్కండి."

"నేనా? నేను డ్యూటీలో ఉన్నానండీ."

"ఎక్కమన్నాను."

ఆ గొంతు ఎన్నో తరగతులను ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు. కానిస్టేబులు టోపీ సర్దుకుని పికప్ వెనక భాగంలోకి ఎక్కాడు. తర్వాత బావమరిది ఎక్కాడు. వ్యాను డ్రైవరు ఎక్కాడు. "నాకు కంట్లో మందు వేశారండీ" అని నసుగుతూనే స్టేషన్ మాస్టరుగారూ ఎక్కారు.

"ఇప్పుడు గెంతండి," అంది ప్రిన్సిపాల్ మేడమ్.

"వద్దు మేడమ్! వద్దు!" అని అరుస్తూ మేస్త్రి నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆయన కళ్లు బండి మీద లేవు. స్టూలు కాలు పలకలోకి దిగే ఆ అతుకు మీద ఉన్నాయి. పైన నలుగురూ గెంతుతున్నారు. స్ప్రింగులు కిర్రుమన్నాయి, తలుపులు గడగడలాడాయి, డ్యాష్‌బోర్డు మీది ఫోను ఎగిరి సీటు మీద పడింది. అతుకు మాత్రం వెంట్రుక వాసి కూడా విచ్చుకోలేదు. కాళ్లు అటూ ఇటూ ఊగనైనా లేదు. మేస్త్రి నాలుగు స్టూళ్లూ పాకుతూ పాకుతూ చూసి, మట్టి కొట్టుకున్న చొక్కాతో లేచి నిలబడ్డాడు.

"కాళ్లు సన్నమన్నాను గదమ్మా," అన్నాడు కూతురితో. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. "ఇంత బిగువైన అతుకు నేను కూడా వేయలేదే తల్లీ ఇన్నేళ్లలో. ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే నాన్నా. నువ్వు పాలిష్ కింద దాచేస్తావు, నేను దాచలేదు, అంతే," అంది అమ్మాయి. ఏడుస్తూనే నవ్వింది.

"ఇక ఆపండి," అని ప్రిన్సిపాల్ మేడమ్ చప్పట్లు కొట్టింది. పైనున్న నలుగురూ ఆయాసపడుతూ వరసగా దిగారు. "అన్ని తరగతులకీ ఇవే కావాలమ్మా. ప్లాస్టిక్ వాళ్లకి నేను వద్దని చెప్పేస్తాను. పాలిష్ మాత్రం వేయకు. ఇలాగే బావున్నాయి."

ఆ తర్వాత జరిగినదంతా సంబరమే. బావమరిది తనవల్లే ఆర్డరు వచ్చిందని వీధిలో ప్రతివాడికీ చెప్పాడు. ఈసారి అతను చెప్పింది నిజమే కాబట్టి అక్కగారు కూడా అడ్డు చెప్పలేకపోయింది. జాకీతో బండి లేపి, స్టూళ్లు తీసి, కొత్త టైర్లు బిగించారు. బోల్టులు నాలుగు వైపులా చక్కగా పట్టాయి. కానిస్టేబులు సంతృప్తిగా తలాడించి, రెండు కేసులూ కొట్టేసి వెళ్లిపోయాడు. షోరూము వాళ్లకి మేస్త్రే ఫోన్ చేసి, మా అమ్మాయికి తీరిక లేదండీ, షెడ్డు చూసుకోవాలి అని చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు కావాలనే పెంచాడు.

గేటు దగ్గర ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్క క్షణం ఆగింది. "ఒక్క షరతమ్మా. బడి కమిటీ వాళ్లకి నేను మాటిచ్చేస్తాను. ప్రతి స్టూలు మీదా ఇలాగే బండి ఎక్కించి చూశాకే నాకు పంపాలి."

దాంతో మర్నాటి నుంచి పికప్ చక్రాలు మళ్లీ ఊడాయి. నాలుగేసి స్టూళ్లు తయారవడం, బండి వాటి మీదికెక్కడం, బావమరిది పైకెక్కి గెంతడం, దిగడం. ఎంతో గొడవపడి ఎంచుకున్న కొత్త టైర్లు నాలుగూ నీడపట్టున షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాయి. మేస్త్రి అటుగా వెళ్లినప్పుడల్లా వాటి మీది దుమ్ము తుడిచి, ఇవి ఎండకుండా చూడాలని భార్యకు జాగ్రత్తలు చెప్పాడు.

బండికి బొత్తిగా తీరిక లేకపోవడంతో, మొదటి విడత స్టూళ్లు అద్దె వ్యానులో బడికి వెళ్లాయి.